ఆ పసుపు రోల్స్‌ రాయిస్‌ ఎక్కకుండానే కన్నుమూసిన నిజాం.. అరుదైన కారుకు ఎక్కువ ధర పెట్టొచ్చా? మహబూబ్ అలీ ఖాన్ జీవితం చెప్పే లెక్క ఇదీ!

కొడంగల్: పరిగి మీదుగా కొడంగల్ వచ్చే బీజాపూర్ రోడ్డు మీద ఇప్పుడు అప్పుడప్పుడు స్పీడ్ కార్లు కనిపిస్తున్నాయి. మన కుర్రాళ్లు ఫోన్‌లో వాటి వీడియోలు చూసి, సెకండ్ హ్యాండ్‌లో ఏది దొరుకుతుందా అని వెతుకుతున్నారు. అక్కడే ఒక చిక్కు. రెండు కార్లు.. ఒకే కంపెనీ, ఒకే మోడల్, దాదాపు ఒకే వయసు. కానీ ఒకదాని మీద లిమిటెడ్ ఎడిషన్ అని చిన్న ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటు ఉన్నందుకే అమ్మేవాడు నాలుగైదు లక్షలు ఎక్కువ చెబుతాడు. ఇవ్వొచ్చా? వద్దా?

ఈ ప్రశ్న మనకు కొత్త కావొచ్చు. కానీ ఒకప్పుడు మన కొడంగల్, తాండూరులను ఏలిన ఓ నవాబు జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయనే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. అరుదైన వజ్రం కోసం కోర్టు గొడవ దాకా వెళ్లారు. అరుదైన కారు ఆర్డర్ ఇచ్చారు, దాన్ని ఎక్కకుండానే కన్నుమూశారు. ఆయన కథ తెలిస్తే సగం లెక్క తేలినట్టే.

రెండున్నరేళ్లకే సింహాసనం

మహబూబ్ అలీ ఖాన్ 1866 ఆగస్టులో హైదరాబాద్‌లోని పురానీ హవేలీలో పుట్టారు. తండ్రి ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా 1869 ఫిబ్రవరిలో చనిపోయారు. అంటే రెండున్నరేళ్ల పసివాడికి సింహాసనం దక్కింది. ఆ వయసులో రాజ్యం ఏలడం కుదరదు కదా. పాలనంతా మొదటి సాలార్‌జంగ్, షంషుల్ ఉమ్రా చూసుకున్నారు. ఇంగ్లిష్ చదువు చదివిన మొదటి నిజాం కూడా ఈయనే. చదువు చెప్పడానికి ప్రత్యేకంగా ఇంగ్లిష్ ట్యూటర్‌ను పెట్టారు.

1883లో సాలార్‌జంగ్ చనిపోయారు. 1884 ఫిబ్రవరిలో వైస్రాయ్ లార్డ్ రిప్పన్ హైదరాబాద్ వచ్చి, మహబూబ్ అలీ ఖాన్‌కు పూర్తి అధికారాలు అప్పగించారు. అప్పటికి ఆయన వయసు 17. చేతిలో దేశంలోనే అతి పెద్ద సంస్థానం, ఖజానా నిండా నగలు. కానీ పెద్ద ఖర్చు ఏది పెట్టినా బ్రిటిష్ రెసిడెంట్ కన్ను దాని మీద పడేది. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అవసరం పడతాయి.

మన తాండూరుకు రైలు వచ్చిన రోజులు

ఆయన కాలం మన ప్రాంతానికి చాలా ఇచ్చింది. వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు మార్గం 1874లో మొదలైంది. తాండూరు, వికారాబాద్ ఆ లైన్‌లోనివే. అప్పటికి నిజాం ఎనిమిదేళ్ల పిల్లాడు. ఈ రోజు తాండూరులో రైలెక్కి హైదరాబాద్ వెళ్తున్నామంటే ఆ లైన్ పుణ్యమే.

అప్పట్లో కొడంగల్, తాండూరు రెండూ గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1956లో రాష్ట్రాలు మళ్లీ విభజించినప్పుడు గుల్బర్గా కర్ణాటక వైపు వెళ్లింది, ఈ రెండు తాలూకాలు మాత్రం ఇటే ఉండిపోయాయి. ఆ తర్వాత కొడంగల్ 60 ఏళ్ల పాటు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంది. 2016లో జిల్లాల విభజనతో వికారాబాద్‌లోకి వచ్చింది. మహబూబ్‌నగర్ అనే పేరు ఎవరిదో చెప్పక్కర్లేదు. ఈ నిజాం పేరే. అంటే మన తాతముత్తాతలు ఆయన రాజ్యంలో బతికారు, మన అమ్మానాన్నలు ఆయన పేరున్న జిల్లాలో బతికారు.

240 అడుగుల బీరువా

మహబూబ్ అలీ ఖాన్‌కు ఖరీదైనవంటే ఇష్టం. పురానీ హవేలీలో ఇప్పటికీ ఆయన బట్టల బీరువా ఉంది. మామూలు బీరువా కాదు. దాదాపు 240 అడుగుల పొడవున్న రెండంతస్తుల చెక్క గది అది. ఒకసారి వేసుకున్న బట్ట మళ్లీ వేసుకునేవారు కాదని హైదరాబాద్‌లో కథలుగా చెప్పుకుంటారు. పులుల వేట అంటే ప్రాణం. తీస్ మార్ ఖాన్ అనే పేరు కూడా ఆయనకు అలాగే వచ్చిందంటారు.

ఇక్కడ ఒక మాట. బట్ట ఎంత ఖరీదైనదైనా ఒకసారి కట్టి పక్కన పెడితే దాని విలువ అక్కడితో ఆగిపోయినట్టే. కొన్న ధర ఒకటి, వాడితే వచ్చే విలువ ఇంకొకటి. ఈ తేడా ఆయనకు బాగా ఖరీదుగా తెలిసొచ్చింది. ఎలాగంటారా? ఒక వజ్రం వల్ల.

వజ్రం బేరం.. అడ్వాన్స్ 23 లక్షలు!

1891. సిమ్లాలో నగలు, పురాతన వస్తువులు అమ్మే అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే వ్యాపారి ఉండేవాడు. దక్షిణాఫ్రికాలో దొరికి, ఆమ్‌స్టర్‌డామ్‌లో సానబెట్టిన ఒక భారీ వజ్రం లండన్‌లో అమ్మకానికి ఉందని అతనికి తెలిసింది. బరువు 184 కారట్లకు పైనే. అంత రాయి కొనగలిగేవాళ్లు ప్రపంచంలో ఎందరుంటారు? జాకబ్‌కు నిజాం గుర్తొచ్చారు.

మధ్యలో బేరం నడిపింది నిజాం దగ్గర ఖాస్ నౌకరుగా ఉన్న ఆల్బర్ట్ అబిద్. హైదరాబాద్‌లో మనం రోజూ అనే ఆబిడ్స్ ఈయన పేరు మీద వచ్చిందే. ధర 46 లక్షల రూపాయలు అనుకున్నారు. రాయి తెప్పించడానికి ముందే 23 లక్షలు అడ్వాన్స్ కట్టారు. చూశాక నచ్చితేనే కొనడం, లేకపోతే లేదు.. అనేది నిజాం వైపు లెక్క.

ఈ కబురు రెసిడెంట్‌కు చేరింది. ప్రజల డబ్బు ఇలా రాయి మీద పెట్టడం ఏమిటని అభ్యంతరం వచ్చింది. వజ్రం వచ్చింది. నిజాం చూశారు. వద్దన్నారు. అడ్వాన్స్ వెనక్కి ఇమ్మన్నారు. జాకబ్ దగ్గర డబ్బు లేదు. ఆ వజ్రం కొనడానికే ఖర్చయిపోయింది.

కేసు కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. మోసం కేసులో జాకబ్‌ను అరెస్టు చేశారు. నిజాం కూడా వాంగ్మూలం ఇవ్వాల్సి వచ్చింది. ఆయన కోర్టుకు వెళ్లలేదు, కమిషనే హైదరాబాద్ వచ్చింది. అయినా సరే.. ఒక నవాబు తాను చేసిన బేరం గురించి ప్రశ్నలకు జవాబు చెప్పడం ఎంత నామోషీయో ఊహించుకోండి. ఆ ఏడాది చివర్లో జాకబ్ నిర్దోషి అని తీర్పు వచ్చింది. తర్వాత కోర్టు బయట రాజీ కుదిరి, వజ్రం నిజాం దగ్గరే ఉండిపోయింది. గెలిచిన జాకబ్ కూడా బాగుపడలేదు. వ్యాపారం దెబ్బతిని, చివరకు పేదరికంలోనే చనిపోయాడు.

ఆ తర్వాత నిజాం ఆ రాయిని చూడ్డానికి కూడా ఇష్టపడలేదంటారు. ఆయన పోయాక కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కు అది తండ్రి బూటు ముందు భాగంలో దొరికిందని, ఆయన దాన్ని కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవారని కథ. 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలు 173 కలిపి 218 కోట్ల రూపాయలకు కొంది. అందులో ఈ జాకబ్ వజ్రం కూడా ఉంది. 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో జనం దాన్ని చూడ్డానికి బారులు తీరారు.

వజ్రానికీ కారుకూ ఏం సంబంధం?

సంబంధం ఉంది. సరిగ్గా ఇదే కథ వందేళ్ల తర్వాత కార్ల ప్రపంచంలో జరిగింది. 1988లో బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ కంపెనీ ఎక్స్‌జే 220 అనే సూపర్ కారును చూపించింది. చేసేది 350 కార్లే అని ప్రకటించింది. తలా 50 వేల పౌండ్లు అడ్వాన్స్ కట్టడానికి జనం ఎగబడ్డారు. కొందరు నడపడానికి, చాలామంది లాభానికి అమ్ముకోవడానికి.

కారు తయారై వచ్చేసరికి రెండు మారిపోయాయి. ముందు చూపించిన 12 సిలిండర్ల ఇంజిన్ పోయి, ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్ వచ్చింది. ఈలోగా మాంద్యం వచ్చి అరుదైన కార్ల ధరలు పడిపోయాయి. కొన్నవాళ్లు వెనక్కి తగ్గారు. గొడవలు కోర్టుకెక్కాయి. చివరకు 350 కార్లు కూడా పూర్తిగా తయారు కాలేదు, 280 దగ్గరే ఆగిపోయింది.

గమనించారా? నిజాం రాయి చూడకముందే ధర ఒప్పుకున్నారు. వీళ్లు కారు చూడకముందే అడ్వాన్స్ కట్టారు. అరుదు అనే మాట చాలు, చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. తర్వాత నచ్చలేదంటే వినేవాళ్లుండరు.

మూసీ వరద.. జనం గుర్తుపెట్టుకున్న నిజాం

మళ్లీ నిజాం కథకే వద్దాం. వజ్రాలు, బీరువాలు అన్నాం కాబట్టి ఆయన ఎప్పుడూ సోకుల్లోనే ఉన్నారనుకోవద్దు. మూసీ నది పుట్టేది మన వికారాబాద్ అనంతగిరి కొండల్లోనే. 1908 సెప్టెంబర్ 28న ఆ మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేల మంది చనిపోయారు. ఇళ్లు కొట్టుకుపోయాయి.

నిజాం తన ప్యాలెస్‌ల తలుపులు తెరిపించారు. నిలువ నీడ లేనివాళ్లకు అక్కడ ఆశ్రయం, తిండి దొరికాయి. ఇలాంటి వరద మళ్లీ రాకూడదని ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను 1909లో పిలిపించారు. ఆయన ఇచ్చిన ప్రణాళికతోనే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. జనం ఆయన్ను ప్రేమగా మహబూబ్ పాషా అన్నారు. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే తగ్గిపోతుందని కూడా నమ్మేవారు. ఈ నమ్మకం కోసం ఎవరూ వజ్రం బరువు అడగలేదు.

అప్పుడు దిగింది రోల్స్‌ రాయిస్‌!

ఇక అసలు కారు దగ్గరకు వద్దాం. ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా మంచి కారు ఏదంటే చాలామంది చెప్పే పేరు రోల్స్‌ రాయిస్‌ 40/50. 1906లో వచ్చింది. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల పెద్ద ఇంజిన్. 1907లో కంపెనీ ఒక కారుకు వెండి రంగు వేసి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టి వేల మైళ్లు ఆపకుండా నడిపి చూపించింది. నిజానికి ఆ పేరు ఆ ఒక్క కారుదే. కానీ జనం ఆ మోడల్ కార్లన్నింటినీ సిల్వర్ ఘోస్ట్ అనడం మొదలుపెట్టారు. 1926 దాకా ఈ మోడల్ కార్లు 7,800కు పైగా తయారయ్యాయి.

ఇక్కడే ఒక చిన్న పాఠం ఉంది. పేరు ఒకటే, కానీ అసలు సిల్వర్ ఘోస్ట్ ఒక్కటే. పేరు చూసి మిగతా ఏడు వేల కార్లకు అదే ధర పెట్టలేం కదా!

మన దేశంలో కూడా ఈ కారు సత్తా చూపించింది. 1908లో బొంబాయి–కొల్హాపూర్ మధ్య ఘాట్ రోడ్ల మీద జరిగిన పోటీలో రోల్స్‌ రాయిస్‌ గెలిచింది. ఆ కారును గ్వాలియర్ మహారాజా కొన్నారు. ఇక మిగతా రాజులు ఆగుతారా? ఆర్డర్లు వరుస కట్టాయి.

1911లో ఇంకో సంచలనం. కంపెనీ ఒక కారును లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్లి తిరిగి వచ్చేదాకా టాప్ గేర్‌లోనే నడిపింది. గ్యాలన్‌కు 24 మైళ్లకు పైగా మైలేజీ ఇచ్చింది. అదే కారు బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 78 మైళ్ల వేగం అందుకుంది. ఆ తర్వాత ఆ రకం కార్లను లండన్–ఎడిన్‌బరో పేరుతో అమ్మారు. కార్బురేటర్ మార్చారు, కంప్రెషన్ పెంచారు, బాడీ తేలిక చేశారు. అంటే ఈ రోజు మనం స్పెషల్ ఎడిషన్ అంటున్నది అప్పుడే ఉంది. కాకపోతే అది స్టిక్కర్ ఎడిషన్ కాదు. లోపల ఇనుములోనే తేడా ఉంది.

నిజాం ఆర్డర్: ఒకే ఒక్క కారు

మహబూబ్ అలీ ఖాన్ కూడా ఒక సిల్వర్ ఘోస్ట్ ఆర్డర్ ఇచ్చారు. ఆ రోజుల్లో రోల్స్‌ రాయిస్‌ కంపెనీ ఛాసీ, ఇంజిన్ మాత్రమే అమ్మేది. పైన బాడీ కట్టేది వేరే పనివాళ్లు. నిజాం కారుకు లండన్‌లోని బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. పసుపు రంగు. వెనుక సీటు మామూలుది కాదు, సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఊరేగింపులో వెళ్తుంటే జనానికి దూరం నుంచే నవాబు కనిపించాలన్నది దాని లెక్క. అందుకే దాన్ని సింహాసనం కారు అంటారు.

ఇలాంటిది ఇంకొకటి లేదు. లిమిటెడ్ ఎడిషన్ అంటే ఇంతకంటే ఏముంటుంది?

కానీ కారు రాకముందే నిజాం వెళ్లిపోయారు. 1911 ఆగస్టు 29న, 45 ఏళ్లకే కన్నుమూశారు. మక్కా మసీదులో ఖననం చేశారు. తన కోసం కట్టించుకున్న సింహాసనం మీద ఆయన ఒక్క రోజు కూడా కూర్చోలేదు.

కారు హైదరాబాద్ వచ్చింది. అప్పటికి గద్దె మీద ఉన్నది కొడుకు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. 1937లో అమెరికా టైమ్ పత్రిక ఆయన్ను ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడిగా ముఖచిత్రంగా వేసింది. అంత ధనవంతుడు ఈ కారును ఎంత వాడారు? చాలా తక్కువ. దశాబ్దాల్లో అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. అంటే కొడంగల్ నుంచి హైదరాబాద్‌కు మన ఆర్టీసీ బస్సు వారంలో తిరిగే దూరం కంటే తక్కువే.

ఇప్పుడు ఆ పసుపు కారు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. వెళ్లినవాళ్లంతా ఫోన్ తీసి ఫొటో కొట్టుకునేది దాని దగ్గరే.

వందేళ్ల తర్వాత ధర ఎందుకు పెరిగింది?

నిజాం కారుకు ధర చెప్పలేం, అది అమ్మకానికి రాదు. కానీ దాని తోబుట్టువు లాంటి ఇంకో కారు అమ్ముడైంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, దానికీ బాడీ కట్టింది బార్కరే. 2012లో ఇంగ్లండ్‌లో జరిగిన బోన్‌హామ్స్ వేలంలో 47 లక్షల పౌండ్లు పలికింది. అప్పటి లెక్కన మన డబ్బుల్లో 40 కోట్లకు పైనే.

ఎందుకంత? ఏడు వేలకు పైగా తయారైన మోడల్ కదా? అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్‌లలో చాలావాటికి తర్వాత పాత బాడీ పీకేసి కొత్తది పెట్టేశారు. ఈ కారుకు మాత్రం మొదట కట్టిన బాడీయే ఉంది. ఎవరి చేతుల్లోంచి ఎవరికి వెళ్లిందో కాగితాలున్నాయి. కంపెనీ తక్కువ చేసినందుకు కాదు, కాలం తక్కువ మిగిల్చినందుకు దానికా ధర.

ఇంకో ఉదాహరణ. ఇటలీకి చెందిన ఫెరారీ 1962 నుంచి 1964 మధ్య 250 జీటీవో కార్లు 36 మాత్రమే చేసింది. 2018లో వాటిలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మన డబ్బుల్లో 330 కోట్లు దాటింది. అవి షోరూమ్‌లో పెట్టి అమ్మడానికి లిమిటెడ్ అని చేసినవి కావు. రేసుల్లో గెలవడానికి చేసినవి, గెలిచినవి. ధర ఆ గెలుపుకి.

మరి మన లక్షల లెక్కలో?

మనం వేలంలో ఫెరారీ కొనం. మన లెక్క పాతిక లక్షల దగ్గర ఉంటుంది. కాబట్టి మన రోడ్ల మీద ఉన్నవే చూద్దాం.

స్కోడా 2017లో ఆక్టావియా ఆర్ఎస్‌ను 230 హార్స్‌పవర్‌తో సుమారు 24 లక్షల 60 వేలకు తెచ్చింది. 2020లో ఆర్ఎస్ 245 అని 200 కార్లే తెచ్చింది, ధర దాదాపు 36 లక్షలు. ఇంజిన్ అదే రెండు లీటర్లది. పవర్ 15 పెరిగింది, మలుపుల్లో చక్రాలకు పట్టు ఇచ్చే ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్ వచ్చింది. మొత్తం కారు విదేశంలో తయారై వచ్చింది కాబట్టి పన్ను కూడా ఎక్కువ. అంటే తేడా నిజమే, కానీ ఆ తేడా 11 లక్షల తేడా మాత్రం కాదు. అందులో పెద్ద భాగం దిగుమతి పన్నుకే పోయింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు ఆ పన్నును ఇంకోసారి ఎందుకు కట్టాలి? డిఫరెన్షియల్‌కు, మంచి కండిషన్‌కు కొంత ఎక్కువ ఇవ్వండి. 200లో ఒకటి అన్న మాటకు మాత్రం తొందరపడొద్దు. ఎందుకంటే 2025లో అదే స్కోడా కొత్త ఆక్టావియా ఆర్ఎస్‌ను 265 హార్స్‌పవర్‌తో మళ్లీ తెచ్చింది. ఈసారి 100 కార్లే!

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ కథ ఇంకో రకం. 2016లో 99 కార్లే అని దాదాపు 26 లక్షలకు పెట్టారు. 1.8 లీటర్ల టర్బో ఇంజిన్, 192 హార్స్‌పవర్. మామూలు పోలోకూ దీనికీ పోలికే లేదు. అయినా అమ్మకాలు నెమ్మదిగా సాగి, తర్వాత ధర దాదాపు 20 లక్షలకు దించాల్సి వచ్చింది. మొదట 26 లక్షలు పెట్టినవాళ్లు నిజాం లాంటివాళ్లు. తర్వాత తక్కువకు కొన్నవాళ్లు తెలివైనవాళ్లు. కారు మాత్రం అదే!

పోర్షే 911 ఆర్ గురించి కూడా తెలుసుకోవాలి. 2016లో 991 కార్లే చేశారు. గేర్లు చేత్తో మార్చే కారు, వెనుక పెద్ద రెక్క ఉండదు. పాత కార్ల మార్కెట్‌లో ధర కొత్త కారు ధరకు రెట్టింపు కంటే పైకి ఎగిరింది. మరుసటి ఏడాదే పోర్షే దాదాపు అదే రుచి ఉన్న జీటీ3 టూరింగ్‌ను లెక్క పెట్టుకోకుండా అమ్మడం మొదలుపెట్టింది. ఆర్ ధరలు దిగొచ్చాయి. కంపెనీ చెప్పే అరుదు కంపెనీ చేతిలోనే ఉంటుంది. రేపు ఇంకో ఎడిషన్ తెస్తే ఆపేవాళ్లు లేరు.

కొనేముందు ఇవి చూడండి

మొదటిది.. తేడా ఎక్కడుంది? ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, బ్రేకుల్లో ఉంటే కొంత ఎక్కువ ఇవ్వొచ్చు. రంగు, స్టిక్కర్లు, సీటు కవర్లలో ఉంటే రూపాయి కూడా ఎక్కువ అక్కర్లేదు. వాటిని బయట వేయించుకోవచ్చు.

రెండోది.. అసలువి ఉన్నాయా? లిమిటెడ్ ఎడిషన్‌కే వచ్చే పార్టులు తీసేసి మామూలువి పెట్టి ఉంటే అది ఇక లిమిటెడ్ కాదు. కంపెనీ సర్వీస్ రికార్డు, ఆర్సీ, ఇన్సూరెన్స్ క్లెయిములు చూడండి. ఛాసీ నంబర్ తీసుకెళ్లి ఆ కంపెనీ షోరూమ్‌లో అడగండి.

మూడోది.. పార్టులు దొరుకుతాయా? దేశంలో వంద, రెండొందల కార్లే ఉన్న మోడల్‌కు ఒక అద్దం, ఒక బంపర్ కావాలంటే నెలలు పట్టొచ్చు. అరుదైన కారుకు అరుదైన ఖర్చు కూడా ఉంటుంది. తాండూరులో మెకానిక్ ఎంత మంచివాడైనా లేని పార్టును సృష్టించలేడు కదా.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది.. మీరు నడుపుతారా? లాభానికి దాచిపెడదామనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. దాచిన కారుకు కూడా ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ ఖర్చు తప్పదు. పదేళ్లు దాచి తెచ్చుకునే లాభంలో ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుందో కాగితం మీద వేసి చూసుకోండి.

చివరికి లెక్క ఏంటి?

అరుదైన కారుకు ఎక్కువ ధర పెట్టొచ్చా అంటే.. పెట్టొచ్చు. ఆ అరుదు ఇనుములో ఉంటే, కాగితాల్లో ఉంటే, మీ చేతిలో స్టీరింగ్ ఉంటే. ప్లేటు మీద మాత్రమే ఉంటే వద్దు.

మహబూబ్ అలీ ఖాన్ వజ్రానికి అరుదైన ధర పెట్టారు, దాన్ని చూసుకుని మురిసిపోలేదు. అరుదైన కారు చేయించారు, దాంట్లో తిరగలేదు. ఆ రెండింటి ఆనందం ఇప్పుడు టికెట్ కొనుక్కుని చూసే జనానిది. ఆయనకు మిగిలింది వరదలో తలుపులు తెరిచిన పేరు. దానికి ఆయన ఏ బేరమూ ఆడలేదు.

ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు చౌమహల్లాలో ఆ పసుపు కారు ముందు ఒక్క నిమిషం ఆగండి. వెనుక సీటు చూడండి. ఆ ఎత్తయిన సీటు ఎవరి కోసం చేశారో, ఎవరు ఎక్కలేదో గుర్తు చేసుకోండి. ఆ తర్వాతే సెకండ్ హ్యాండ్ కారుకు అడ్వాన్స్ కట్టండి.